లిఫ్టుకు ఉన్న ఒప్పందం ఇల్లు తుడిచే మనిషికి ఎందుకు లేదు?

అపార్టుమెంటు సంఘాలకు, కార్మిక శాఖకు బహిరంగ లేఖ

హైదరాబాద్ పశ్చిమ శివార్లలోని అపార్టుమెంటు యజమానుల సంఘాల కార్యవర్గ సభ్యులకు,
తెలంగాణ కార్మిక శాఖ అధికారులకు,

నమస్కారం.

మియాపూర్ దగ్గర ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, ఇళ్లు శుభ్రం చేసే సంస్థ మొదలుపెట్టి పది నెలలైంది. నేను కాక తొమ్మిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. అంతకు ముందు పదకొండేళ్లు నేనూ ఇళ్లలో అంట్లు తోమాను, ఊడ్చాను, తుడిచాను, బాత్రూములు కడిగాను. ఇప్పుడు ఇంటివారితో బేరం మాట్లాడేదీ నేనే, పనివారికి జీతం లెక్కగట్టేదీ నేనే. ఈ లేఖలో రెండు వైపుల సంగతులూ ఉంటాయి.

ఈ ఏడాది జనవరిలో, మేము ఎక్కువ ఇళ్లలో పనిచేసే ఒక సంఘానికి నాలుగు పేజీల కాగితం ఇచ్చాను. మొదటి రెండు పేజీల్లో మేము ఇంటివారికి బాధ్యత పడేవి, తర్వాతి రెండు పేజీల్లో ఇంటివారు మాకు బాధ్యత పడేవి రాశాను. అందినట్టు ముద్ర వేసిన నకలు నా దగ్గర ఉంది. జవాబు రాలేదు. మార్చిలో మళ్లీ ఇచ్చాను. కార్యదర్శి గారు కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. "మీ మనుషులకు మీరు చెప్పుకోండమ్మా, ఇంటి ఓనర్లకు రూల్సు పెడితే ఒప్పుకోరు" అన్నారు. జూన్‌లో మూడోసారి ఇచ్చాను. ఈసారి ఆ కాగితం ఫొటో వారి వాట్సాప్ గ్రూపులో తిరిగిందనీ, కింద నవ్వే బొమ్మలు వరుసగా పెట్టారనీ ఆ గ్రూపులోనే ఉన్న ఒకావిడ నాకు చెప్పారు. ఆవిడ నవ్వలేదట. సంతోషం.

జూలైలో జరిగింది చెబుతాను. ఈ లేఖ అందరి ముందూ రాయవలసి వచ్చింది దానివల్లే.

ఒక ఫ్లాటులో బాత్రూము కడగడానికి వెళ్లిన మా అమ్మాయికి ఇంటావిడ మంచినీళ్ల సీసా ఒకటి అందించారు. దాని మీద లేబులు లేదు. అందులో ఉన్నది యాసిడ్. లోపల టైల్స్ కాబట్టి ఏమీ కాలేదు. బయటికి వచ్చేటప్పుడు చలువరాతి గడప మీద కాస్త ఒలికింది. చలువరాయి సున్నపురాయి జాతిది. యాసిడ్ తగిలితే బుసబుసమని నురగ పొంగుతుంది, నురగ తుడిచేసరికి మెరుపు పోయి పేలవమైన మచ్చ మిగులుతుంది. తాండూరు బండదీ, షాబాదు బండదీ, కడప బండదీ అదే గుణం. అరచేయంత మచ్చ పడింది. మా అమ్మాయి దాన్ని కొబ్బరినూనె రాసి కనిపించకుండా చేయాలని చూసింది. అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది.

ఆ ఇంటివారు ఆ నెల బిల్లు 5,600 రూపాయలు ఆపేశారు. అంతవరకు నాకు అర్థమైంది, వస్తువు పాడైతే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ మర్నాడు ఉదయం గేటు దగ్గర మా తొమ్మిది మంది కార్డులూ పనిచేయలేదు. ఆ ప్రాంగణంలో మేము వెళ్లే ఇళ్లు పదకొండు. మిగిలిన పది ఇళ్లవారిని ఎవరూ అడగలేదు. నాలుగు రోజులు మా వాళ్లు గేటు బయట రోడ్డు పక్కన నిలబడ్డారు. అయిదో రోజు నేను వెళ్లి, గడపకు పాలిష్ పట్టించే ఖర్చు నాదేనని రాసిచ్చాక కార్డులు తెరుచుకున్నాయి. దానికి 3,500 రూపాయలైంది.

ఇక్కడ నా తప్పు దాచుకోను. జనవరిలో నేనిచ్చిన కాగితంలో తొమ్మిదో అంశం ఇదీ: "లేబులు లేని సీసాలోని ద్రావకం ఏదీ మా వాళ్లు వాడరు, చలువరాయి, బండల మీద యాసిడ్ పోయరు." మీరు దాన్ని చదవలేదు. మీరు సంతకం పెట్టలేదు కదా అని నేనూ ఆ అమ్మాయికి చదివి వినిపించలేదు. ఇద్దరం చదివి ఉంటే ఆ గడప మెరుస్తూనే ఉండేది.

మీ లిఫ్టుకు ఏడాది నిర్వహణ ఒప్పందం ఉంది. ఎన్ని రోజులకొకసారి చూడాలి, ఆగిపోతే ఎంతసేపట్లో రావాలి, ఏ భాగం పోతే ఎవరు కట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. జనరేటరుకు ఉంది, నీటిశుద్ధి యంత్రానికి ఉంది, తోటకు ఉంది. మీ పడకగదిలోకి వచ్చి మంచం కింద తుడిచే మనిషికి మాత్రం "రేపటి నుంచి రా" అన్న మాట తప్ప ఏమీ లేదు. మేము కోరేది ఆ ఒక్క కాగితమే. అది లేకపోవడం వల్ల ఎవరికి ఏమవుతోందో వరుసగా చెబుతాను.

1. గేటు దగ్గర పోయే గంట

మా వాళ్లు ఇద్దరిద్దరుగా వెళతారు. ఒక జంట రోజుకు మూడు ఇళ్లు చేస్తుంది, ఇంటికి రెండు గంటలు. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, ఫ్లాటు నంబరు రాయాలి. సెక్యూరిటీ ఇంటికి ఫోను చేయాలి. ఇంటావిడ మీటింగులో ఉంటే ఎత్తరు. పక్కన సరుకులు తెచ్చిన కుర్రవాడు నిమిషంలో లోపలికి పోతాడు, రోజూ వచ్చే మా వాళ్లు ఎండలో నిలబడతారు. ఒక్కో చోట ఇరవై నిమిషాలు అనుకుంటే రోజుకు గంట. నెలకు 26 రోజులు. మేము గంటకు 100 రూపాయలు ఇస్తాం కాబట్టి మనిషికి నెలకు 2,600 రూపాయల విలువైన సమయం గేటు దగ్గరే ఆవిరైపోతోంది. మా దగ్గర పనిచేసే ఒకావిడకు అది ఇద్దరు పిల్లల స్కూలు ఆటో ఖర్చు.

2. 700 రూపాయల్లో ఎవరి వాటా ఎంత

రెండు పడకగదుల ఇంటికి ఒకసారి శుభ్రం చేస్తే 700 రూపాయలు తీసుకుంటాం. "ఎక్కువ" అని రోజుకొకరైనా అంటారు. లెక్క దాచుకోవలసిన అవసరం నాకు లేదు. ఇద్దరు మనుషులకు రెండేసి గంటల కూలి 400. ద్రావకాలు, గుడ్డలు, చేతి తొడుగులు 60. ప్రయాణం 40. యంత్రాల రిపేరు, గది అద్దె 50. నాకు 100. ఇవి 650. మిగిలిన 50 ఎక్కడికి పోతుందో అడగండి.

ఆ యాభై మా తొమ్మిదో మనిషి. మాకున్నవి నాలుగు జంటలు. తొమ్మిదో ఆమె ఎవరు రాకపోతే వారి స్థానంలో వెళ్లడానికి ఉంటుంది. నాలుగు జంటలు, రోజుకు మూడేసి ఇళ్లు, 26 రోజులు, ఇంటికి 50 చొప్పున కూడితే 15,600. ఆమె నెల జీతం సరిగ్గా అంతే. ఆమె ఉండబట్టే మా వాళ్లు నెలకు మూడు రోజులు జీతం కోత లేకుండా సెలవు పెట్టుకోగలుగుతున్నారు. ఆమె ఉండబట్టే మీ ఇంటికి "ఈ రోజు మనిషి రాదు" అన్న ఫోను రావడం లేదు. ఒక యాభై తగ్గించమని మీరు నవ్వుతూ అడిగినప్పుడు, మీకు తెలియకుండానే ఆ తొమ్మిదో మనిషిని తీసేయమంటున్నారు.

ఇంకో బేరం కూడా విన్నాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, ప్రయాణం ఖర్చు 40 ఎందుకు అని. ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చిన జీరో టికెట్టు ఇంటి యజమానికి డిస్కౌంటు అవుతుందని నేనైతే అనుకోలేదు. బస్సు దిగిన చోటి నుంచి మీ గేటు దాకా బకెట్లు, మాపులు, దుమ్ము పీల్చే యంత్రం నెత్తిన పెట్టుకుని నడవలేరు. షేర్ ఆటో వాడు సామానుకు వేరే అడుగుతాడు.

పదిహేను నిమిషాల్లో మనిషిని పంపే యాప్‌లతో మమ్మల్ని పోల్చకండి. పరిచయం కోసం కొన్నాళ్లు చవగ్గా ఇచ్చి, నష్టం భరించగల డబ్బు వాళ్ల దగ్గర ఉంది. నా దగ్గర ఉన్నది ఒక చిట్టీ.

3. నాగా

ఇంటివారి ఫిర్యాదుల్లో సగం నాగాల గురించే. నిజమే, చెప్పకుండా మానేయడం తప్పు. నేను ఇళ్లలో చేసిన రోజుల్లో నేనూ ఆ పని చేశాను. ఎందుకు చేశానో కూడా చెబుతాను: చెప్పి సెలవు అడిగితే ఇచ్చేవారు కాదు. జ్వరమని చెబితే "ఒక్క అంట్లు తోమేసి వెళ్లిపో" అనేవారు. చెప్పకుండా మానేస్తే మర్నాడు తిట్లు తినాలి, కానీ ఒక రోజు పడుకోవచ్చు.

దీనికి మా దగ్గర పరిష్కారం ఉంది. రాలేని మనిషి ఉదయం ఆరులోపు నాకు ఫోను చేస్తుంది. తొమ్మిదో ఆమె వెళుతుంది. మీరు చేయవలసింది ఒక్కటే, "మాకు అలవాటైన మనిషే కావాలి, కొత్తవాళ్లను పంపకండి" అనకపోవడం. వచ్చిన మనిషిని గుమ్మం దగ్గరి నుంచి తిప్పి పంపితే ఇద్దరి కూలీ నేనే కట్టాలి.

అలాగే మీ వైపు నాగా కూడా ఉంది. దానికి పేరు లేదు కాబట్టి తప్పుగా లెక్కపడదు. తాళం వేసి ఊరు వెళ్లిపోతారు, ముందు చెప్పరు. ఎండాకాలంలో ట్యాంకరు రాలేదంటారు, మా వాళ్లు వచ్చాక కుళాయి తిప్పి చూపిస్తారు. అందుకే మా నిబంధన: ముందు రోజు సాయంత్రం ఆరులోపు చెబితే రద్దుకు ఏమీ ఇవ్వనక్కరలేదు. ఆ తర్వాత చెబితే సగం. గుమ్మం దాకా వచ్చాక వద్దంటే మొత్తం. నీళ్లు లేకపోయినా అంతే. సినిమా టికెట్టు కొన్నాక వెళ్లకపోతే డబ్బు వెనక్కి రాదని అందరికీ తెలుసు.

4. సీసాలు, కిటికీలు, చాంబర్లు

యాసిడ్ సంగతి పైన చెప్పాను. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. బాత్రూము బాగా తెల్లబడాలని బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీద టాయిలెట్ కడిగే ద్రావకం పోయమంటారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. నాలుగడుగుల గది, చిన్న కిటికీ, లోపల వంగి రుద్దుతున్న మనిషి. కళ్లు మండి, దగ్గు ఆగక, గోడ పట్టుకుని బయటికి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా ఇళ్లలో ఇది తెలిసి చేసే పని కాదు, వాళ్ల అమ్మమ్మ కూడా అలాగే కడిగించింది. కానీ అడిగేవారికి తెలియకపోతే చేసేవారి ఊపిరితిత్తులు ఊరుకోవు. ఇకమీదట ద్రావకాలు మావే తెస్తాం. మీవి వాడాలంటే లేబులు ఉన్న అసలు డబ్బాలో ఉండాలి.

సంక్రాంతికి, దసరాకు ముందు బూజు దులిపించే సీజనులో కిటికీ బయటి అద్దాలు తుడవమంటారు. ఎనిమిదో అంతస్తు. కిటికీ గట్టు మీద ఒక కాలు, లోపలి మంచం మీద ఒక కాలు. మేము చేయం. నిచ్చెన రెండో మనిషి పట్టుకుంటే తప్ప ఎక్కం. బయటి అద్దాలకు తాళ్లు, బెల్టులు ఉన్న వేరే పనివారు ఉన్నారు, వారిని పిలవండి. మా తొమ్మిది మందికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాను. దానితో సరిపోతుందని కాదు. ప్రమాదంలో చనిపోతే, పూర్తిగా అంగవైకల్యం వస్తే 2 లక్షలు ఇస్తారు. స్టూలు మీద నుంచి పడి మణికట్టు విరిగి ఆరు వారాలు ఇంట్లో కూర్చుంటే ఇవ్వరు. మా పనిలో ఎక్కువగా జరిగేది రెండోదే. పది మంది ఉద్యోగులుంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా పథకం, తప్పనిసరి అవుతుంది. పదో మనిషిని తీసుకుని అందులోకి వెళ్లాలని ఉంది. రేటు నిలబడకపోతే ఆ జీతం ఎక్కడి నుంచి తేను?

డ్రైనేజీ చాంబరు మూత తీసి "కాస్త పుల్లతో కదిలించమ్మా" అని అడిగిన ఇళ్లు మూడు. ప్రమాదకరంగా మనుషుల చేత మురుగు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013లో చేసిన చట్టం నిషేధించింది. దయచేసి అడగకండి.

5. వస్తువు కనబడకపోతే

దీని గురించి నిదానంగా రాయడం నాకు కష్టం.

చాలా ఏళ్ల కిందట ఒక ఇంట్లో ఉంగరం పోయింది. ఆ రోజు ఇంట్లోకి వచ్చిన బయటి మనిషిని నేనొక్కదాన్నే. రెండు రోజులు స్టేషన్‌కు వెళ్లి వచ్చాను. నా సంచి, నా డబ్బా, నా జాకెట్టులోని చిల్లర పర్సు అందరి ముందూ బల్ల మీద పరిచారు. మూడో రోజు ఉంగరం వాషింగ్ మెషీన్ మూతకు ఉండే రబ్బరు మడతలో దొరికింది. దొరికిందని చెప్పడానికి ఇంటావిడ ఫోను చేశారు, పనికి ఎప్పుడు వస్తావని అడిగారు. ఆ మధ్యలో ఇంకో రెండు ఇళ్లవారు నన్ను మాన్పించారు. వాళ్లకు ఉంగరం దొరికిన సంగతి ఎవరూ చెప్పలేదు.

పోలీసుల దగ్గరికి వెళ్లవద్దని మేము అనడం లేదు. అది మీ హక్కు. మేమనేది: అనుమానం వస్తే 24 గంటల్లో కాగితం మీద రాసివ్వండి. మా మనిషిని గదిలో పెట్టి తలుపు వేయడం, ఫోను లాక్కోవడం, మగ సెక్యూరిటీ చేత సంచి వెతికించడం ఉండకూడదు. వస్తువు దొరికితే, అనుమానాన్ని ఏ గ్రూపులో పెట్టారో అదే గ్రూపులో ఆ మాట కూడా పెట్టాలి.

గేటు యాప్‌లో మా వాళ్లకు స్టార్ రేటింగులు ఇస్తారు, వ్యాఖ్యలు రాస్తారు. ఫొటో, ఫోను నంబరు, ఏ టైముకు ఏ ఇంట్లో ఉన్నారో అన్నీ అందులో ఉంటాయి. తమ గురించి ఏం రాశారో చూసుకునే వీలు మా వాళ్లకు లేదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది మీ ఫోను నంబరుకు ఎంతో మా ఫోను నంబరుకూ అంతే.

6. మంచినీళ్లు, బాత్రూము, లిఫ్టు

ఉదయం ఏడింటికి మొదటి ఇంట్లో దిగిన మనిషి మధ్యాహ్నం రెండింటికి మూడో ఇంటి నుంచి బయటికి వస్తుంది. ఈ ఏడు గంటల్లో మూడు ఇళ్ల బాత్రూములు కడుగుతుంది, ఒక్కదాన్నీ వాడకూడదు. కింద సెల్లారులో సెక్యూరిటీ వాళ్లకు ఒకటి ఉంటుంది, దానికి గొళ్లెం ఉండదు. అందుకని మా వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట అని నా దగ్గర మాత్రల డబ్బులు తీసుకోని మనిషి ఈ పది నెలల్లో ఇద్దరే.

సర్వీసు లిఫ్టు అని రాసి ఉన్నదాంట్లో చెత్త డ్రమ్ములు, సోఫాలు, కుక్కలు, మేము. అది పాడైతే మెట్లు. ఇది భద్రత కోసమని ఒక కార్యవర్గ సభ్యుడు నాకు వివరించారు. ఎవరి భద్రత అని నేను అడగలేదు, అడిగితే ఆ రోజు పని పోయేది. విడిగా పెట్టే స్టీలు గ్లాసు గురించి కూడా ఇక్కడే చెప్పాలి గానీ, దాని పేరేమిటో నాకంటే మీకే బాగా తెలుసు.

7. చెప్పుకోలేనివి

2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగానే చూస్తుంది, ఇంటి పనివారిని అందులో చేర్చింది. పది మంది కన్నా తక్కువ ఉన్న మాలాంటి సంస్థల్లోని ఆడవాళ్లు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మా తొమ్మిది మందిలో ఆ కమిటీ ఉందని ఒక్కరికీ తెలియదు. నేనే అడిగి తెలుసుకున్నాను. మేము ఇద్దరిద్దరుగా వెళ్లడానికి పని త్వరగా అవుతుందన్నది మీకు చెప్పే కారణం. అసలు కారణం ఇది.

ఇవీ మా ఇబ్బందులు. ఇవి కొత్తవి కావు, మేమే కనిపెట్టినవీ కావు. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. పని నిబంధనలు మనిషికి అర్థమయ్యేలా, వీలైతే రాతపూర్వక ఒప్పందంగా చెప్పాలని దాని ఏడో అధికరణ అంటుంది. భారతదేశం అప్పుడు అనుకూలంగా ఓటు వేసింది, ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, ఇంటి పనివారికి చట్టపరమైన రక్షణ ఎలా ఉండాలో పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఢిల్లీలో చట్టం వచ్చేదాకా మీ గేటు దగ్గర ఒక కాగితం రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మా వైపు నుంచి మేము సంతకం పెట్టేవి:

1. ప్రతి మనిషి ఆధార్, చిరునామా, ఫొటో మా దగ్గర ఉంటాయి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని పంపం. పిల్లను తోడు తెచ్చుకోవడం కూడా కుదరదని మా వాళ్లకు చెప్పాను. దీని మీద నాతో ఇద్దరు తగువు పడ్డారు, వారి ఇబ్బంది నాకు తెలుసు, అయినా మారలేదు.

2. బీరువా, సొరుగు, ఫ్రిజ్ చెప్పకుండా తెరవరు. మీ ఇంట్లో ఫొటో తీయరు. ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంటి గుమ్మం దాటదు. దాటితే ఆ మనిషిని నేనే మాన్పిస్తాను.

3. మా పొరపాటు వల్ల వస్తువు పాడైతే, బాగుచేయించే ఖర్చులో 5,000 రూపాయల దాకా సంస్థ భరిస్తుంది, పనిచేసిన మనిషి జీతంలో పైసా కోయను. అంతకు మించిన విలువైన వస్తువులు ముందే చూపించి రాసివ్వాలి. వెనిగరుతో చలువరాయి తుడవమని మీరే చెబితే మాత్రం ఖర్చు మీదే.

4. పని బాగా రాలేదని 24 గంటల్లో చెబితే మళ్లీ వచ్చి ఉచితంగా చేస్తాం. నాలుగు రోజుల తర్వాత ఫ్యాను మీద దుమ్ము ఉందంటే, అది కొత్త దుమ్ము.

5. మా వాళ్లకు ప్రతి నెలా 7వ తేదీలోపు బ్యాంకులో జీతం, వారానికి ఒక పూర్తి రోజు సెలవు. మీరు బిల్లు ఆలస్యం చేసినా ఇది ఆగదు. ఇప్పటిదాకా ఆగలేదు. రెండుసార్లు నా చెవి కమ్మలు బ్యాంకుకు వెళ్లి వచ్చాయి.

సంఘాలను మేము కోరేవి:

1. ఈ కాగితం మీద చర్చించి, అవుననో కాదనో, ఏది మార్చాలనో ముప్పై రోజుల్లో రాసివ్వాలి. పూర్తిగా ఒప్పుకోమనడం లేదు. రద్దు రుసుము మీద, 5,000 పరిమితి మీద మాట్లాడదాం.

2. ఒక ఇంటితో తగువు వస్తే ఆ ఇంటి పని మాత్రమే ఆగాలి. మా మాట వినకుండా, కాగితం ఇవ్వకుండా అందరి కార్డులూ ఆపడం మానాలి.

3. రోజూ వచ్చేవారికి ఒక్క కార్డు, అయిదు నిమిషాల్లో లోపలికి. ఫోను ఎత్తని ఇంటివారి కోసం మా వాళ్లు నిలబడిన సమయం పనిగంటల్లో పడుతుంది.

4. ప్రతి బ్లాకు కింద గొళ్లెం, నీళ్లు, వెలుతురు ఉన్న ఒక మరుగుదొడ్డి. అన్ని లిఫ్టులూ అందరికీ.

5. పని మాన్పించాలంటే మా వైపు నుంచి గానీ మీ వైపు నుంచి గానీ పదిహేను రోజుల ముందు మాట.

కార్మిక శాఖను కోరేవి మూడే. ఇంటి పనికి ప్రస్తుతం అమల్లో ఉన్న కనీస వేతనం ఎంతో, గంట లెక్కన, తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి ప్రతి అపార్టుమెంటు గేటు దగ్గర అతికించేలా ఉత్తర్వు ఇవ్వండి. ఒక పేజీ నమూనా ఒప్పందం తయారుచేసి ఇవ్వండి, నా నాలుగు పేజీలకంటే మీ ఒక్క పేజీకి విలువ ఎక్కువ. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు చేర్పించడానికి మా బస్తీకి ఒక ఆదివారం మనిషిని పంపండి. ఆ పోర్టల్ మొదలైంది 2021 ఆగస్టులో, మా తొమ్మిది మందిలో నలుగురికి ఇంకా కార్డు లేదు. మామూలు రోజున సెంటరుకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. స్థానిక కమిటీ ఫోను నంబరు కూడా అదే కాగితం అడుగున వేయించగలిగితే, అది కలెక్టరు కార్యాలయం పని అయినా, మీరే చెప్పి వేయించండి.

ఈ లేఖ చదివి మమ్మల్ని మాన్పించాలనుకునే ఇళ్లు కొన్ని ఉండవచ్చు. మా వాళ్లతో కూర్చుని ఆ సంగతీ మాట్లాడాను. వయసులో అందరికన్నా పెద్దామె, "రాయి అక్కా, నా పేరొక్కటి వేయకు" అంది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది, అయినా జీతం ఇస్తానని అక్కా అంటుంది. అందుకే ఎవరి పేరూ వేయలేదు.

ఏ కార్యవర్గమైనా తేదీ చెబితే నాలుగు పేజీల నకళ్లు పట్టుకుని వస్తాను. ఆదివారమైతే మా వాళ్లలో ఇద్దరు కూడా వస్తారు. కుర్చీలు వేయిస్తే చాలు.

ఇట్లు,
ఇళ్లు శుభ్రం చేసే ఒక చిన్న సంస్థ నిర్వాహకురాలు,
మియాపూర్, హైదరాబాద్

తా.క.: ఆ గడపకు పాలిష్ బాగా కుదిరింది, మచ్చ ఎక్కడుందో నేను వెతికినా దొరకలేదు. ఆగిపోయిన 5,600 రూపాయలు ఇంకా రాలేదు.